ఎలుక పళ్ళు

కత్తుల కర్మాగారంలో నమూనాల గది. గోడ పొడవునా గాజు బీరువా. బల్ల మీద ఒక కత్తి. మామ కుర్చీలో ఉన్నాడు. అల్లుడు కూర్చోలేదు.

“ఆ ఒక్క మాట చాలు మామయ్యా. విమానాల్లో తిరిగేవాళ్ళకి పాత కత్తే ఇవ్వండి అని రేపు విచారణలో చెప్పండి. ఎందుకని అడిగితే, నాకలా తోచింది అనండి.”

“కూర్చోండి అల్లుడు గారూ.”

“నన్ను గారూ అనకండి.”

“పెళ్ళినాడు కూడా అనలేదు. ఇప్పుడు అనాలనిపించింది. పరాయివాళ్ళని అలాగే పిలుస్తాను. కూర్చోండి.”

“పర్లేదు, నిలబడతాను.”

“మీ ఇష్టం. ఈ బీరువాలో చివరి కత్తికి నమూనా గీసింది నేను. దాన్ని తప్పు పట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొడుకు పోయి నెల తిరక్కుండా అల్లుడొచ్చి తప్పు పడతాడని మాత్రం అనుకోలేదు.”

“తప్పు పట్టడం లేదు. మార్చమంటున్నాను.”

“ఆ రెండింటికీ తేడా మీ అత్తగారైతే చెప్పేది. ఆవిడ లేదు. నాకు తెలీదు.”

“మీ అమ్మాయి ఎలా ఉంది?”

“తింటోంది. పడుకుంటోంది.”

“ఒకసారి చూసి వెళ్తాను.”

“రేపటి తర్వాత చూద్దురు గాని. కత్తి సంగతి తేల్చమని నన్నే పిలిచారు కదా. కత్తి బాగుంది, మనిషే వాడలేదు అన్నాననుకోండి, మీ ఒంటి మీద ఆ సైన్యం బట్టలుండవు. నా కూతురు మీ గడప తొక్కదు. ఆ మాట అదే అంది. నేను అనిపించలేదు.”

“ఏమంది?”

“తమ్ముణ్ణి నీళ్ళలో వదిలేసి వచ్చిన మనిషి పక్కన ఎలా పడుకోను నాన్నా, అంది.”

“వదిలేసి రాలేదు.”

“అదే చెప్పండి. నీళ్ళు నమలకుండా చెప్పండి.”

“చెప్పాను కదా. అందరికీ అదే చెప్పాను. విమానం చిత్తడిలో పడింది. చంటి తోక గదిలో ఉన్నాడు. పడ్డప్పుడే తలకి దెబ్బ తగిలింది. అప్పటికప్పుడే పోయాడు.”

“అప్పటికప్పుడే.”

“అప్పటికప్పుడే.”

“మరి వాడి కత్తి మీ నడుముకి ఎలా వచ్చింది?”

“నాది ఎక్కడో జారిపోయింది. అడవి దాటాలి కదా. వాడి ఒరలో ఉంటే తీసుకున్నాను.”

“తలుపు తెరుచుకుందా?”

“ఏ తలుపు?”

“తోక గదిది. వాడి ఒరలోంచి కత్తి తీయాలంటే లోపలికి వెళ్ళాలిగా.”

“తెరుచుకుంది. కొంచెం.”

“చెయ్యి పట్టేంతా, మనిషి పట్టేంతా?”

“గుర్తులేదు మామయ్యా.”

“విమానాన్ని బురదలోంచి లాగినవాళ్ళకి గుర్తుంది. వెళ్ళి అడిగాను. ఆ తలుపు బురదలోకి నొక్కుకుపోయిందట. గడ్డపారలు వేసి పెకిలిస్తే గాని రాలేదట. మీకు మాత్రం కొంచెం తెరుచుకుంది.”

“చీకట్లో సరిగ్గా చూడలేదేమో.”

“పట్టపగలు పడిందది.”

“లోపల చీకటి.”

“సరే, చీకటే అనుకుందాం. ఇంకోటి అడుగుతాను. వాణ్ణి కోసి చూసిన డాక్టరు నాతో చదువుకున్నవాడు. వాడు మొహం తిప్పుకుని ఒక్క మాటన్నాడు. ఊపిరితిత్తుల నిండా బురదనీళ్ళేరా అన్నాడు. దెబ్బకి చచ్చినవాడు నీళ్ళు పీలుస్తాడా అల్లుడు గారూ?”

“ఏం చెప్పమంటారు?”

“పీలుస్తాడో లేదో చెప్పమంటున్నాను.”

“పీల్చడు.”

“అయితే వాడు బతికే ఉన్నాడు.”

“మామయ్యా, ఇది ఇక్కడితో వదిలేయండి. నేను వచ్చిన పని వేరు.”

“మీరు వచ్చిన పనే చేస్తున్నాను. బల్ల మీదున్న వాడి కత్తినే చూస్తున్నాను. ఇది యంత్రం మీద పుట్టింది కాదు. మొదటి నమూనా. నేను ఆకురాయి పట్టి నా చేత్తో చేసింది. వాడు ఉద్యోగంలో చేరినరోజు వాడికిచ్చాను. దీన్ని ఎవరు కడిగారు?”

“దారిలో వాన పడింది.”

“వాన తీగబ్రష్షు తెస్తుందా? పిడి మీద బురద అలాగే ఉంది. కోసే అంచున్న అలుగు మీదా అలాగే ఉంది. కత్తి వీపున రంపం పళ్ళు మాత్రం తళతళలాడుతున్నాయి. ఇంటినిండా దుమ్ము ఉంచి గడప ఒక్కటీ తుడిచినవాడిని చూస్తే ఏమనుకోవాలి? గడప మీద ఏదో ఒలికిందనుకోవాలి.”

“తుప్పు పడుతుందని తోమాను.”

“పళ్ళకే పడుతుందా తుప్పు? ఏం తుడిచారు? నెత్తురా?”

“ఎవరి నెత్తురు మామయ్యా? నన్ను అంతవాణ్ణి చేశారా?”

“అడుగుతున్నాను.”

“నెత్తురు కాదు.”

“మరి?”

“మురికి.”

“మురికి. బాగుంది. ఆ చేతులకి కట్లేమిటి?”

“కాలాయి.”

“ఏది కాల్చింది?”

“ఇంజను.”

“ఇంజను ముందు ఉంటుంది. మీరు తోక దగ్గర ఉన్నారు. మోకాళ్ళ లోతు బురదలో నిలబడి అరచేతులు కాల్చుకున్నవాణ్ణి మిమ్మల్నే చూశాను.”

“మీరు నమ్మకపోతే నేనేం చేయను?”

“నేను నమ్ముతున్నదేమిటో చెప్పనా? వాడు లోపల ఇరుక్కున్నాడు. తలుపు రాలేదు. ఏ కన్నంలోంచో చెయ్యి బయటపెట్టి కత్తి మీకిచ్చాడు. రేకు చీల్చి నన్ను బయటికి తీయి బావా అన్నాడు. నీళ్ళు పెరిగాయి. మీకు మీ ప్రాణం గుర్తొచ్చింది. కత్తి నడుముకి దోపుకుని ఒడ్డుకి పోయారు. ఇప్పుడొచ్చి ఆ పాపం నా కత్తికి పులుముతున్నారు. పాతదైతే తెగేది, కొత్తది తెగలేదు అనిపించాలి, అంతేగా. అందుకేగా ఈ మార్చండి, మార్చండి అనడం.”

“కొత్తది తెగలేదని నేను అన్నానా?”

“అనలేదు. నా చేత అనిపించాలని చూస్తున్నారు.”

“అయితే ఒక పని చేయండి. మీరిప్పుడు చెప్పిందంతా రేపు అలాగే చెప్పండి. కత్తి బాగుంది, మా అల్లుడు పిరికివాడు అనండి. నేను కాదనను. తలదించుకుని నిలబడతాను. కానీ చివర్లో ఆ మాట కూడా చెప్పండి. విమానాలవాళ్ళకి పాతది ఇవ్వమని.”

“నేరం ఒప్పుకునేవాడు బేరమాడతాడా? ఇదెక్కడి వింత.”

“కొత్తవి మా దళానికి వచ్చేశాయి. ఇన్నాళ్ళూ చంటి దగ్గర ఒక్కటే ఉండేది. మా అందరివీ పాతవే. నిన్న పెట్టెలు విప్పారు. కుర్రాళ్ళు నడుముకి కట్టుకుని అద్దాల ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. మొసలి అని పేరు పెట్టారు దానికి.”

“ఆ పళ్ళు చూసి పెట్టి ఉంటారు. మంచి పేరే.”

“మంచి పేరే.”

“పాతదాంట్లో మీకేం కనిపించింది అంతగా? రండి ఇటు. రండి, గాజు కరవదు. ఇదిగో, ఈ మూలది బాకు. అన్నిటికంటే పాతది. మనిషిని పొడవడానికి తప్ప దేనికీ పనికిరాదు. సైనికుడు ఎంతమందిని పొడుస్తాడు పాపం? దాంతో డబ్బాలు తెరిచాడు. మొన పుటుక్కుమంది. కత్తుల కథంతా అంతే. గీసేవాడు యుద్ధం అనుకుంటాడు, వాడేవాడు డబ్బా తెరుస్తాడు.”

“ఆ మాట మీదేనా?”

“మా మేస్త్రిది. నాకు పని నేర్పినవాడు. ఆ పక్కది చూడండి. వెడల్పు అలుగు, పిడి నిండా తోలు బిళ్ళలు గుచ్చారు. చేతికి వెచ్చగా ఉంటుంది, చలిలో జారదు. బిళ్ళ తర్వాత బిళ్ళ గుచ్చి, నొక్కి, అరగదీసి, అది ఒక అందం. తడి అడవుల్లోకి పంపారు. బూజు పట్టింది, పురుగు తిన్నది. పిడి ఊడి కత్తి ఒక చేతిలో, తోలు ఒక చేతిలో.”

“ఈ బోలు పిడిది?”

“అది మా నాయకులకి తెగ నచ్చింది. పిడిలో గేలం, అగ్గిపుల్లలు, సూదీ దారం. మూతకి దిక్సూచి. కిరాణా కొట్టు మొత్తం పిడిలో సర్దారు. పిడిలో సరుకు పెట్టాలంటే ఉక్కు ఎక్కడికి పోవాలి? అలుగు పిడిలోకి బొటనవేలంత దిగి ఆగిపోయింది. ఒక్క దుంగ చీల్చబోతే మెడ దగ్గర విరిగింది. నేనది చూశాకే పట్టుబట్టాను. ఉక్కు పిడి చివరిదాకా పోవాలి అన్నాను. ఇదిగో, నాది. మొన నుంచి పిడి మడమ దాకా ఒకటే ఉక్కు. ఏనుగు తొక్కినా వంగదు.”

“అది నిజం. వంగలేదు.”

“ఏమన్నారు?”

“వంగదు అన్నాను. మధ్యలో ఇంకోటి వదిలేశారు.”

“ఏది?”

“ఈ పొట్టిది. నాకున్నది ఇదే. బురదలో జారిపోయింది.”

“దాని గురించి చెప్పేదేముంది? విమానాలవాళ్ళ కోసం చేసిందది. అలుగుకీ పిడికీ మధ్య ఈ కాపుకి రెండు కన్నాలున్నాయి చూడండి, కర్రకి కట్టుకుంటే బల్లెం అవుతుందని. ఒర మీద జేబులో సానరాయి. మడమ చదునుగా ఉంది, సుత్తిలా కొట్టడానికి.”

“వీపున ఆ పళ్ళు?”

“ఎలుక పళ్ళు. వాటితో వేలెడు కొమ్మ కొయ్యాలన్నా పొద్దుగూకుతుంది.”

“కొమ్మల కోసమా అవి?”

“కాదు. రేకు కోసం. తలుపు ఇరుక్కుంటే విమానం ఒళ్ళు చీల్చుకుని బయటపడాలని. అది మీకు తెలీదా?”

“తెలుసు. మీకు తెలుసో లేదో అని.”

“నాకు తెలీకపోవడమేమిటి? ఈ గదిలో ప్రతి పన్నూ ఎందుకుందో నాకు తెలుసు. కానీ విమానాలవాళ్ళు ఎంతమంది? పదాతి ఎంతమంది? వాళ్ళకొక కత్తి, వీళ్ళకొక కత్తి, రెండు అచ్చులు, రెండు ఒరలు. ఒకటే చేయండి, అందరికీ పనికొచ్చేలా చేయండి అన్నారు పైవాళ్ళు. పళ్ళు పెద్దవి చేశాను, లోతుగా కోశాను. చేతి లావు దుంగ తెగింది. అందరూ లేచి నిలబడ్డారు. మా మేస్త్రి ఒక్కడే లేవలేదు.”

“ఏమన్నాడు?”

“కుక్క పని కుక్కే చెయ్యాలి, గాడిద పని గాడిదే చెయ్యాలి అన్నాడు. అప్పటికి ఆయనకి చూపు ఆనేది కాదు. అసూయ అనుకున్నాను.”

“రేకు మీద చూశారా?”

“చూడకుండా వదులుతానా? దుంగ అయ్యాక రేకే. ఇదే బల్ల, బల్ల అంచున ఈ బిగింపు వైసే. విమానం రేకే తెప్పించాం. అరటిబోదె కోసినట్టు తెగింది. చూసినవాళ్ళు అందరూ బతికే ఉన్నారు, అడగండి.”

“తెగిందని నమ్ముతాను. రేకుని ఎలా బిగించారు?”

“ఎలా బిగిస్తారు? వైసులో.”

“ఊరికే వైసులోనా?”

“పల్చటి రేకుని ఊరికే ఎవడు బిగిస్తాడు? రెండు చెక్కపలకల మధ్య పెట్టి, పలకలతో సహా కోస్తారు. పనిలో చేరిన మొదటిరోజు నేర్పేది అదే. పలకలు లేకపోతే రేకు ఊగుతుంది, పళ్ళకి పట్టుకుని...”

“పట్టుకుని?”

“పట్టుకుని... ఊరికే అన్నాను.”

“చెప్పండి మామయ్యా.”

“ఏం లేదు. పని అలవాటు. అందరూ అలాగే చేస్తారు. ఈ గదిలో గాలి ఆడటం లేదు, ఆ కిటికీ తీయండి.”

“తీసే ఉంది.”

“తీసే ఉందా. సరే. మీరు ఇక వెళ్ళండి. రేపు మాట్లాడుకుందాం.”

“వెళ్తాను. ఆ ఒక్క మాట చెబుతానంటే ఇప్పుడే వెళ్తాను. ఇంకేం అడగను, మీరూ అడగకండి. నేను పిరికివాణ్ణనే అనండి.”

“ఆగు. ఆ సొరుగులో భూతద్దం ఉంది. సూది కూడా. ఇలా ఇవ్వు.”

“ఎందుకు ఇప్పుడు?”

“ఇవ్వు అన్నాను.”

“మామయ్యా, వద్దు.”

“నాకు రెండు చేతులూ కావాలి. ఈ కత్తి పట్టుకో. పళ్ళు పైకి పెట్టు. దీపం ఇలా జరుపు. ఈ పిడివైపు పన్ను మూల చూడు. నీ బ్రష్షు ఇక్కడికి రాలేదు. ఇదేమిటి సూది కొనకి?”

“మురికి.”

“మురికి మెరవదు. తెల్లగా ఉంది. రేకు పొడి ఇది. నువ్వు తోమింది ఇదే. నెత్తురు కాదు, తుప్పు కాదు. నువ్వు కోశావు.”

“కోశాను.”

“మరి ఎందుకు దాచావు? కోసినవాడు నేను కోశానని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకోడూ? ఎందుకు తోమావు?”

“మీరు ఇలా భూతద్దం పెట్టి చూస్తారని.”

“ఆ కట్టు విప్పు.”

“విప్పితే మళ్ళీ కట్టేవాళ్ళు లేరు.”

“నేను కడతాను. విప్పు... ఇది కాలింది కాదు.”

“కాదు.”

“తోలు లేదు చేతికి. పిడి పట్టి ఎంతసేపు లాగావు?”

“తెలీదు. ముందు కిటికీ పగలగొట్టాను. చిన్నది, చెయ్యి ఒక్కటే పట్టింది. కత్తి అందులోంచే ఇచ్చాడు. మొన పెట్టి మడమ మీద రాయితో కొట్టాను. దిగింది. మీ ఉక్కుకి వంక పెట్టను. తర్వాత రంపం పెట్టాను.”

“ఎంత తెగింది?”

“బెత్తెడు. అదైనా తెగలేదు, చిరిగింది. రెండు పళ్ళ మధ్య సందులో రేకు కూర్చుండిపోయేది. లాగితే రేకే నాతో వచ్చేది. తోస్తే అదే వెనక్కి పోయేది. ఊగేది, కీచుమనేది. తెగేది కాదు.”

“ఏటవాలుగా పట్టి ఉంటే...”

“పట్టాను.”

“రేకు వెనక ఏదైనా చెక్క ఆనించి, పలకలాంటిది...”

“అక్కడ పలకలెవరిస్తారు మామయ్యా? బయట బురద. లోపల చంటి. వాడు వీపు ఆనించాడు.”

“వీపు ఆనించాడా?”

“రేకు ఊగకుండా. లోపలి నుంచి వీపుతో అదిమిపట్టి, ఇప్పుడు లాగు బావా అన్నాడు.”

“ఇదంతా మొదటిరోజే ఎందుకు చెప్పలేదు? విచారణకి వద్దు, నా కూతురికి ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఆవిడ ఎవరి మొహం చూడదు? నాదైతే పర్లేదు. మొగుణ్ణి వదిలినా అమ్మాయి మీ దగ్గర బతుకుతుంది. మిమ్మల్ని వదిలితే మీకెవరున్నారు?”

“నేను నిన్ను హంతకుణ్ణి చేశాను.”

“నాకు తెలిసింది నాతో పోతుందనుకున్నాను. నిన్న ఆ పెట్టెలు విప్పకపోతే ఈ గుమ్మం కూడా ఎక్కేవాణ్ణి కాదు.”

“ఒక్కటి చెప్పు. వాడికి తెలిసిందా?”

“ఏది?”

“అది తెగదని. వాడికి తెలిసిందా చివరికి?”

“అడగొద్దు మామయ్యా.”

“తెలిసిందా లేదా?”

“నీళ్ళు మెడ దాకా వచ్చాక కూడా నన్ను వెక్కిరించాడు. నీకు పట్టడం చేతకావడం లేదు బావా, అది నాన్న కత్తి, తెగకపోవడమంటూ ఉండదు, ఇంకొంచెం గట్టిగా లాగు అన్నాడు.”